ప్రేమకథ చివరి పేజీలు

సంపాదకులు గారికి నమస్కారం.

కిందటి నెల మీ పాఠకుల లేఖల్లో ఒక యువ అధ్యాపకురాలు ప్రేమ నవలల గురించి రాసిన ఉత్తరం చదివాను. ఆ నవలలు ఆడపిల్లలకు జరగని పెళ్లిళ్లను జరిగినట్టు చూపించాయనీ, వాటి శుభాంతాలు తియ్యటి అబద్ధాలనీ, తన తల్లి తరం వాటిని నమ్మి మోసపోయిందనీ ఆమె రాశారు. నలభై రెండేళ్ల పాటు ప్రేమ నవలలే రాసిన మనిషిని కనుక ఆ ఉత్తరానికి జవాబు చెప్పవలసిన బాధ్యత నాకుందని అనుకుంటున్నాను. ఆమె అడిగిన ప్రశ్న నాకు కొత్తది కాదు. 1979లో మా ఇంట్లోనే, నా సొంత అక్క నోట విన్నాను. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఈ రోజు ఉన్నంతవరకు చెబుతాను.

మాది తెనాలి ప్రాంతంలో కాలువగట్టున ఉన్న చిన్న ఊరు. మా అమ్మ చిన్నతనంలో పాతూరి నాగభూషణం గారూ ఆయన తోటివారూ పెదవడ్లపూడికీ కొల్లూరుకీ మధ్య కృష్ణా కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపేవారు. 1935లో మొదలైన ఆ పడవను గ్రంథాలయోద్యమం గురించి రాసేవాళ్లు గౌరవంగా తలుచుకుంటారు. మాకు మాత్రం అది అమ్మ చెప్పే ముచ్చట్లలో ఒకటి. అప్పటికి అమ్మకు పన్నెండేళ్లు. పుస్తకాలు తెచ్చుకునే స్వేచ్ఛ మా మామయ్యలకే ఉండేదట. రేవుకు వెళ్లడానికి అమ్మ బిందెను సాకు చేసుకునేది. వెళ్లేటప్పుడు చదివేసిన పుస్తకం ఓణీ చాటున, వచ్చేటప్పుడు నీళ్ల బిందె చంకన, కొత్త పుస్తకం మళ్లీ ఓణీ చాటున. ఆ పుస్తకాలకు ఎవరూ ఆమెను డబ్బు అడగలేదు, ఎవరి అమ్మాయివని కూడా అడగలేదు. ఊరూరా తిరుగుతూ ముక్కూ మొహమూ తెలియని పిల్లల చేతుల్లో పుస్తకాలు పెట్టిపోయే మనుషులు ఉండేవారన్న సంగతిని అమ్మ ఎనభై దాటాక కూడా ఆశ్చర్యంగానే చెప్పేది.

పెళ్లి కుదరవలసిన పిల్ల ఉన్న ఇంట్లో రుక్మిణీ కల్యాణం పారాయణ చేయించడం మన వైపు ఆనవాయితీ అని మీ పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. పోతనగారి భాగవతం దశమ స్కంధంలోని ఆ కథ మా ఇంట్లో వరసగా మూడు పెళ్లిళ్లకు, పిన్నికి, అక్కకు, నాకు, చదివారు. దీపాలు పెట్టే వేళ అమ్మ రాగం తీసి చదువుతుంటే అర్థమైనా కాకపోయినా వింటూ కూర్చునేదాన్ని. తరవాత నేను రాసిన ప్రతి నవలకూ మూలం ఆ కథలో ఎక్కడో ఒకచోట ఉంది. అయితే ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు ముప్పై ఏళ్లు దాటాయి.

నేను రాయడం మొదలుపెట్టేటప్పటికి వారపత్రికల్లో సీరియళ్లు జోరుగా నడుస్తున్నాయి. పత్రిక ఇంటికి రాగానే ముందు ఎవరు చదవాలని తగువులు పడేవారు. సీరియల్ పేజీలు జాగ్రత్తగా విడదీసి, అన్నీ పూర్తయ్యాక బైండు చేయించి దాచుకునేవారు. ప్రతి బస్టాండు దగ్గరా, ప్రతి మార్కెట్ వీధిలోనూ ఒక అద్దె లైబ్రరీ ఉండేది. నా తొలి నవలల్లో కథానాయకుడు ఆరడుగుల పొడవు, పొడవాటి కారు, పెద్ద బంగళా, కొంచెం కోపం. కథానాయిక పేదింటి అభిమానవతి. చివరికి ఆ కారు ఆమె గుమ్మం ముందు ఆగేది. మీకు ఉత్తరం రాసిన అధ్యాపకురాలి మాట నా మొదటి ఏడు నవలల విషయంలో నిజమేనని ఒప్పుకుంటున్నాను. వాటిలో నేను ప్రేమను పొందడంగానే చూపించాను. చక్కగా, ఓపికగా ఎదురుచూసిన పిల్లకు దొరికే బహుమానంగా చూపించాను. ఎదురుచూసినా దొరకని పిల్లల సంగతేమిటని నాకు తట్టలేదు.

మా అక్క పెళ్లయిన తొమ్మిదేళ్లకు ఇంటికి తిరిగొచ్చింది. కారణాలు ఇక్కడ రాయను. ఆవిడ చేతిరాత ముత్యాల్లా ఉండేది కాబట్టి నా చిత్తుప్రతులకు సాపు ప్రతి ఆవిడే రాసిపెట్టేది. 1979 వేసవిలో ఒక మధ్యాహ్నం, నా ఎనిమిదో నవల చివరి అధ్యాయం సగంలో కలం పక్కన పెట్టి, "నువ్వు రాసినట్టు జరిగేదుంటే నేనిక్కడెందుకుంటానే?" అని అడిగింది. ఆ మాటలో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. తరవాత మిగిలిన పేజీలు కూడా అదే ముత్యాల రాతతో పూర్తిచేసి ఇచ్చింది. ఆ నవల నేను పత్రికకు పంపలేదు. ఆ తరవాత రెండేళ్లు ఏమీ రాయలేకపోయాను. సంపాదకులు అడిగితే పిల్లల చదువులని చెప్పాను. నేను చెప్పే కథ మీద నాకే నమ్మకం పోయింది. దేవుడి మీద కూడా, ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, పోయింది. పారాయణ చేయించిన పెళ్లే కదా అక్కది కూడా.

ఆ రెండేళ్లలో రెండు సంగతులు జరిగాయి. మొదటిది, వారపత్రిక కార్యాలయం వాళ్లు నా చిరునామాకు మార్చి పంపిన ఒక ఇన్‌లాండ్ లెటర్. కామారెడ్డి దగ్గర ఒక ఊరి నుంచి బీడీలు చుట్టే ఒకామె రాసింది. తొమ్మిది మంది ఆడవాళ్లు ఒక ఇంటి అరుగు మీద చేరి చాటలు ఒళ్లో పెట్టుకుని తునికాకు చుట్టేవారట. కూలి వెయ్యి బీడీల లెక్కన ఇస్తారు కాబట్టి చేతులు ఆగితే డబ్బు ఆగుతుంది. ఆ తొమ్మిది మందిలో చదవడం వచ్చినది ఈమె ఒక్కతే. వారపత్రిక వచ్చిన రోజు ఈమె బీడీలు చుట్టడం ఆపి సీరియల్ చదివి వినిపిస్తే, మిగతా ఎనిమిది మంది తలా ఒక కట్ట ఈమె చాటలో వేసేవారు. కట్టకు ఇరవై అయిదు బీడీలు, ఎనిమిది కట్టలకు రెండు వందలు. చదివినంతసేపు ఆమె పోగొట్టుకున్న కూలి అంతే. కథ వినడానికి వాళ్లు కట్టిన టికెట్ అది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, కథ చెప్పే మనిషి నష్టపోకూడదని వాళ్లు చేసుకున్న ఏర్పాటు అది. రెండేళ్లుగా మీ సీరియల్ ఎందుకు రావడం లేదు, ఒంట్లో బాగాలేదా అని ఆమె అడిగింది. అంతకు మించి ఆ ఉత్తరంలో ఏమీ లేదు.

దాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పలేను. వారానికి ఇన్ని పేజీలకు ఇంత అని నేను పారితోషికం తీసుకుని రాసిన కథకు, రోజుకూలీ ఆడవాళ్లు తమ రెక్కల కష్టంలోంచి భాగం తీసి ఇస్తున్నారు. నా కథలో కారు దిగినవాడు ఎవరికీ ఏమీ ఇవ్వలేదు, ఉన్నదాంట్లోంచి ఖర్చు పెట్టాడంతే. ప్రేమకు రూపం ఇవ్వవలసి వస్తే నేను చూడవలసినది ఆ అరుగు వైపని అప్పుడు అర్థమైంది.

రెండో సంగతి మా అక్కదే. ఎదురింటి అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు, రుక్మిణీ కల్యాణం చదవడానికి రమ్మని అక్కను పిలిచారు. పెళ్లి నిలవని మనిషిని ఆ పనికి పిలవడమే ఆ రోజుల్లో విశేషం. ఆ తల్లి మనసు పెద్దది. అక్క వెళ్లి ఇరవై ఒక్క రోజులు చదివి వచ్చింది. నేను ఉండబట్టలేక, "అది నీకే పనిచేయలేదు కదక్కా, ఆ పిల్లకు ఎలా చదువుతావు?" అని అడిగాను. అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. అక్క నొచ్చుకోలేదు. "పెళ్లి అవుతుందని చదవడంలేదే. ఆ రుక్మిణి ఉత్తరం రాసింది చూడు, అది వినాలని చదువుతున్నాను. నాకు చదివినప్పుడు నేనది వినలేదు" అంది.

ఆ రాత్రి నేను భాగవతం తీసి ఆ ఘట్టం మొత్తం, పారాయణగా కాకుండా నవల చదివినట్టు చదివాను. ఇంటికి వచ్చిపోయేవాళ్లు చెప్పే కథలు విని రుక్మిణి ఒక మనిషిని ప్రేమించింది, చూసి కాదు. అన్న రుక్మి తనను శిశుపాలుడికి ఇస్తానంటుంటే, ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేక, అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుడి చేత ద్వారకకు కబురు పంపింది. ఆ కబురులో ప్రేమ ఎంత ఉందో ఆలోచన అంత ఉంది. అంతఃపురంలోకి వచ్చి తీసుకుపోవాలంటే తన బంధువులను చంపవలసి వస్తుందేమోనని కృష్ణుడు సంకోచిస్తే దానికి ఉపాయం కూడా తనే చెప్పింది. పెళ్లికి ముందు ఊరి వెలుపల ఉన్న గౌరి గుడికి తనను పంపుతారు, అప్పుడు రమ్మంది. పెళ్లికొడుకు కోసం ఎదురుచూసే పిల్లగా నేను విన్న రుక్మిణి, నిజానికి తన కథను తనే నడిపిన మనిషి. అక్క చెప్పినది అదే.

బ్రాహ్మణుడు తిరిగివచ్చి కృష్ణుడు వస్తున్నాడని చెప్పాక రుక్మిణి ఏం చేసిందో పోతనగారు ఒక పద్యంలో చెప్పారు. నా సందేశం చేర్చి నన్ను నిలబెట్టావు, నీ దయ వల్ల బతికాను, దీనికి బదులు ఉపకారం చేయడం నా వల్ల కాదు, చేతులు జోడిస్తున్నాను అని నమస్కరించింది. రాజుగారి కూతురు, ఏ మణులైనా ఇవ్వగలది, ఇవ్వగలిగినవేవీ ఆ ఉపకారానికి సరిపోవని గుర్తించి వట్టి చేతులు జోడించింది. పుచ్చుకోవడంలో కూడా ఔదార్యం ఉంటుందని నాకు చెప్పిన పద్యం అది. ఆ తరవాత గౌరి గుడికి వెళ్లి "నమ్మితి నా మనంబున" అని మొదలుపెడుతుంది. మన తెలుగు ఇళ్లలో ఆ పద్యం నోటికి రాని ముసలమ్మ ఉండదు. కబురు అందింది, కృష్ణుడు ఊరి దాకా వచ్చాడు, అయినా ఆమె నమ్ముతున్నానని చెప్పుకోవడం మానలేదు. నమ్మకం అంటే తెలియని దాని మీద పందెం కాయడమని అంతకుముందు అనుకునేదాన్ని. తన వంతు పని అంతా చేసేసి, తన చేతిలో లేనిదాన్ని మరొకరి చేతిలో పెట్టడమని ఆ పిల్ల నేర్పింది. నా భక్తి అప్పటి నుంచి ఇదే తీరు. ఇంకో తీరులో నమ్మేవాళ్లతో, అసలు నమ్మనివాళ్లతో నాకు పేచీ లేదు. బీడీల అరుగు మీద కూర్చున్న తొమ్మిది మందిలో ముగ్గురు ముస్లిములని ఆ ఉత్తరంలోనే ఉంది. వాళ్ల కట్టలు కూడా ఆ చాటలో పడ్డాయి.

తిరిగి రాయడం మొదలుపెట్టాక నా నవలల్లో కార్లు పూర్తిగా పోలేదు. పత్రికవాళ్లకు, పాఠకులకు అవి ఇష్టం, నాకు కూడా కొంచెం ఇష్టమే. కాని ఏ ఇద్దరినైనా కలపబోయే ముందు, వీళ్లలో ఒక్కొక్కరు రెండోవారి కోసం తమకు లోటు వచ్చేలా ఏమి ఇచ్చారు అని నన్ను నేను ప్రశ్నించుకోవడం అలవాటైంది. జవాబు దొరకని చోట పెళ్లి చేయలేదు. రెండు నవలల్లో అలా చేయనందుకు పాఠకులు కోపంతో ఉత్తరాలు రాశారు. భర్తను వదిలి వచ్చి కుట్టుమిషను పెట్టుకున్న ఒక కథానాయికకు నేను రెండో పెళ్లి చేయలేదు, ఆమె దగ్గర పని నేర్చుకున్న పిల్ల పెళ్లితో కథ ముగించాను. అక్క ఆ సాపు ప్రతి రాస్తూ ఏమీ అనలేదు. రాసిన కాగితాల కట్టకు ఎప్పుడూ కట్టే దారం బదులు తన పట్టుచీర అంచు చింపి కట్టి ఇచ్చింది.

శుభాంతం అబద్ధమా అన్నది అధ్యాపకురాలి ప్రశ్న. ప్రతి మనిషికీ ఇలాగే జరుగుతుందని చెబితే అది అబద్ధమే, నా తొలి నవలలు ఆ మాట చెప్పాయి. కాని ఒక కథలో ఒక ఇద్దరికి మేలు జరిగిందని చెప్పడం అబద్ధం కాదు. వాళ్లు ఎలా బతికితే ఆ మేలుకు దగ్గరయ్యారో వారాల తరబడి పాఠకుడికి చూపించి, ముందే ఇచ్చిన మాట ప్రకారం చివరికి వాళ్లను ఒడ్డు చేర్చడం నాకు తెలిసినంతలో మర్యాద. బతుకులో ఎన్నో సగంలో ఆగిపోయినవాళ్లు ఆ పుస్తకం పట్టుకుంటారు. వాళ్లకు కనీసం ఒకటైనా పూర్తిచేసి ఇవ్వాలి. ఆమె తల్లిగారు ఏ నవలలు చదివారో నాకు తెలియదు. వాటిలో నావి ఉంటే, ఆ మొదటి ఏడింటిలోవి అయితే, నన్ను క్షమించమని వారికి చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఇక ఔదార్యం గురించి, ఒక పత్రికకు రాస్తున్నాను కాబట్టి మరి కొంచెం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనం అమ్మి సంపాదించిన డబ్బుతో 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక పెట్టారు, తరవాత మద్రాసులో దాన్ని దినపత్రిక చేశారు, ఆంధ్ర గ్రంథమాల పేరుతో తక్కువ ధరకు పుస్తకాలు వేశారు. జనం ఆయనను విశ్వదాత అన్నారు. తలనొప్పికి మందు అమ్మిన డబ్బు తెలుగువాళ్ల చదువుగా మారింది. అలాంటివాళ్లు వేసిన పునాది మీదే మా తరం రచయిత్రులం నిలబడ్డాం.

ఇప్పుడు నా పాత నవలలు ఎవరో స్కాన్ చేసి ఫోన్లలో పంచుతున్నారని మనవడు చూపించాడు. బాధపడలేదు. నా నవలల వరకు ఎవరు ఎక్కడ చదివి వినిపించినా, ఎవరికి పంపినా నాకు సమ్మతమే. అయితే ఈ మాట నా నవలలకే వర్తిస్తుంది. ఇప్పుడు రాస్తున్న పిల్లలు ఆ రాత మీద ఇల్లు గడుపుకోవాలని చూస్తున్నారు. వాళ్ల పుస్తకాలను అలా పంచడం దానం కాదు, పక్కవాళ్ల చాటలోంచి కట్టలు తీయడం. ఒక ప్రచురణకర్త నా నవల నాలుగు ముద్రణలు వేసి ఒక్కదానికే డబ్బిచ్చిన రోజున మా ఇంట్లో పిల్లవాడి పరీక్ష ఫీజు కట్టడానికి అక్క గాజు కుదువపెట్టింది. ఆ సంగతి నేను మరచిపోలేదు. ఇచ్చే హక్కు సొంతదారుకే ఉంటుంది.

ఇచ్చిపుచ్చుకోవడానికి అసలైన చోటు గ్రంథాలయం. 1960 నాటి చట్టం ప్రకారం ఇంటిపన్ను కట్టే ప్రతి కుటుంబం రూపాయికి ఎనిమిది పైసల వంతున గ్రంథాలయ పన్ను కూడా కడుతోంది. మీ పాఠకులు తమ ఇంటిపన్ను రసీదు ఒకసారి తీసి చూడాలని కోరుతున్నాను. ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరవలసినది. మా ఊరి శాఖా గ్రంథాలయానికి కొత్త నవల వచ్చి ఎన్నాళ్లయిందో అక్కడి రిజిస్టరు చూస్తే తెలుస్తుంది. వారంలో చాలా రోజులు తలుపు వేసే ఉంటుంది. పడవ మీద పుస్తకాలు తెచ్చి ఓణీ చాటు పిల్లకు ఇచ్చిపోయిన కాలువ మీద ఇది జరుగుతోంది. పన్ను ఎంత వసూలైంది, ఎంత చేరింది అన్నది మీ విలేకరులు జిల్లాల వారీగా అడిగి ప్రచురిస్తే అది మీ పత్రిక చేయగల మేలు. వీలైతే వారానికి ఒక పేజీ సీరియల్‌కు తిరిగి కేటాయించండి. రాసేవాళ్లు ఉన్నారు. చదివి వినిపించేవాళ్లు కూడా ఇంకా ఉన్నారని నా నమ్మకం.

చివరగా ఒక మనవి. అద్దె లైబ్రరీ పుస్తకాల్లో చేతులు మారి మారి ముందుగా ఊడిపోయేది చివరి ఫారమే. ఫారమంటే అచ్చులో ఒక్కటిగా మడిచి కుట్టే పదహారు పేజీలు. కథ ఏమైందో చెప్పమని ఆ రోజుల్లో నాకు పోస్టుకార్డులు వచ్చేవి. నేను చెబుతుంటే అక్క ఆ పేజీలు చేత్తో రాసి పంపేది. అక్క పోయి ఆరేళ్లయింది. నా చేతిరాత అంత బాగుండదు, వేళ్లు కూడా కొంచెం వణుకుతున్నాయి. అయినా మీ పాఠకుల్లో ఎవరి దగ్గరైనా చివరి పేజీలు లేని నా నవల ఉంటే, పుస్తకం పేరు, ఏ వాక్యం దగ్గర ఆగిపోయిందో రాసి మీ కార్యాలయానికి పంపమనండి. నా చిరునామా మీ దగ్గర ఉంది. మిగిలినది రాసి పంపుతాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక నవలా రచయిత్రి, తెనాలి
(పేరు ప్రచురించవద్దని మనవి)